చర్య జరపదంటే హాని చేయదని కాదు
(క్లోరోబెంజీన్, దాని దగ్గరి బంధువుల గురించి)

వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని సంపాదక కమిటీ మిత్రులు అడిగారు. నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ విద్యార్థిని కాబట్టి, సైన్సు గ్రూపు తమ్ముళ్లకు పరీక్షలోనూ, రేపు ఉద్యోగంలోనూ పనికొచ్చే విషయం ఎంచుకున్నాను. ఆర్ట్స్ గ్రూపు మిత్రులు కూడా చివరిదాకా చదవగలరు. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసుకునే ప్రతి ఒక్కరికీ ఇందులో కొంత సంబంధం ఉంది.

ఇంటర్ రెండో సంవత్సరం రసాయనశాస్త్రంలో హాలో ఎరీన్‌లు అనే పాఠం ఉంది. బెంజీన్ వలయంలోని ఒక హైడ్రోజన్‌ను తీసి ఆ స్థానంలో హాలోజన్‌ను పెడితే వచ్చే పదార్థాలు ఇవి. క్లోరిన్ పెడితే క్లోరోబెంజీన్, బ్రోమిన్ పెడితే బ్రోమోబెంజీన్. ఇవి న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ చర్యల్లో ఎందుకు తక్కువ చర్యాశీలత చూపుతాయి అన్నది పరీక్షలో తరచుగా వచ్చే ప్రశ్న. జవాబు మనందరికీ కంఠతా వచ్చు. క్లోరిన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంట వలయంతో అనునాదంలో పాల్గొంటుంది, కార్బన్ – క్లోరిన్ బంధానికి పాక్షిక ద్విబంధ స్వభావం వస్తుంది, బంధం పొట్టిదై గట్టిపడుతుంది. అందుకే క్లోరోబెంజీన్‌ను ఫినాల్‌గా మార్చాలంటే సోడియం హైడ్రాక్సైడ్‌తో 623 కెల్విన్ ఉష్ణోగ్రత, 300 అట్మాస్ఫియర్ల పీడనం కావాలి.

సాయంత్రం పూట నేను ఇంటర్ తమ్ముళ్లకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఈ పాఠం అయిపోగానే ఎవరో ఒకరు అడుగుతారు. "అన్నా, ఇది దేనితోనూ కలవదు కదా, మరి సీసా మీద ఎర్ర గీతల గుర్తులు ఎందుకు?" చాలా మంచి ప్రశ్న. "చర్యాశీలత తక్కువ" అన్న మాటను మనం "ప్రమాదం తక్కువ" అని చదువుకుంటున్నాం. ఆ రెండూ ఒకటి కావు. ఈ కుటుంబంలో బంధం గట్టిగా ఉండటం ఒక రకం ప్రమాదం, ఆ గట్టితనం సడలితే వచ్చేది ఇంకో రకం ప్రమాదం. పుస్తకంలో నాలుగు మార్కులకు చదివిన జవాబులోనే ఈ రెండూ ఉన్నాయి. ఎవరూ విడదీసి చెప్పరు, అంతే.

మన హాస్టల్ ట్యాబ్లెట్ల డబ్బా

క్లోరోబెంజీన్ ఎక్కడో అమెరికాలో ఉండే వస్తువు అనుకోవద్దు. వార్డెన్ సార్ గదిలో ఉండే మందుల డబ్బాలోని పారాసెటమాల్ గోలీని తీసుకోండి. అది పారా అమినోఫినాల్ నుంచి తయారవుతుంది. ఆ పారా అమినోఫినాల్‌ను తయారుచేసే దారుల్లో ఒకటి క్లోరోబెంజీన్ దగ్గర మొదలవుతుంది. క్లోరోబెంజీన్‌కు నైట్రేషన్ చేస్తే పారా నైట్రోక్లోరోబెంజీన్, దానిలోని క్లోరిన్‌ను తీసేస్తే పారా నైట్రోఫినాల్, దాన్ని క్షయకరణం చేస్తే పారా అమినోఫినాల్, దానికి ఎసిటైల్ గుంపు తగిలిస్తే పారాసెటమాల్. నాలుగు మెట్లు. నాలుగూ ఇంటర్, డిగ్రీ సిలబస్‌లో ఉన్నవే.

ఐడీపీఎల్ సంస్థ 1961లో ఏర్పడి, బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు పెట్టినప్పటి నుంచి మందుల తయారీ హైదరాబాదు చుట్టూ అల్లుకుపోయింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. పెద్ద ఎత్తున పారాసెటమాల్ తయారుచేసే గ్రాన్యూల్స్ సంస్థ ప్లాంటు బొంతపల్లిలో ఉంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం పేర్లు మన అన్నలకు కొత్త కాదు. పాతబస్తీలో గది తీసుకుని, తెల్లవారుజామున కంపెనీ బస్సు పట్టుకుని పోయే ట్రెయినీ కెమిస్టుల్లో మన హాస్టల్ వాళ్లు ఎప్పుడూ ఉంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. "కెమిస్టు ఉద్యోగం" అంటే మా బాపుకు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసే పని. ఆ ఫ్యాను ఏ గాలిని ఎటు తోస్తుందో తెలుసుకోవడం మన బాధ్యత.

ఒక టీ చెంచా లెక్క

క్లోరోబెంజీన్ రంగులేని ద్రవం, బాదం పప్పు లాంటి వాసన. 132 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి ఈథర్ లాగా ఆవిరై పోదులే అని ధీమా కలుగుతుంది. ఇక్కడే జాగ్రత్త. మరిగే స్థానం వేరు, నిప్పంటుకునే స్థానం వేరు. దాని మీద ఉండే ఆవిరి నిప్పురవ్వ తగిలితే మండటానికి సుమారు 28 డిగ్రీలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాదు ల్యాబులో 28 డిగ్రీలు ఎప్పుడు ఉంటాయో మీరే చెప్పండి, అర్ధరాత్రి కూడా ఉండవు. పైగా ఆవిరి గాలి కంటే దాదాపు నాలుగు రెట్లు బరువు. నేల వెంట పాకి, నాలుగు బల్లల అవతల వెలుగుతున్న బర్నర్ దాకా పోగలదు.

ఇక పీల్చే సంగతి. అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే సంస్థ ఎనిమిది గంటల పనికి సూచించిన హద్దు 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో పది భాగాలు. అదే దేశంలోని ప్రభుత్వ హద్దు ఇంకా పాతకాలపు 75 పీపీఎం. నేను తక్కువ దాన్నే లెక్కలోకి తీసుకుంటాను. ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల కంటే కొంచెం తక్కువ ఎత్తు ఉన్న ల్యాబు గదిలో సుమారు 100 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. బీకరు ఒలికి 100 మిల్లీలీటర్ల క్లోరోబెంజీన్ నేల మీద పడిందనుకుందాం. సాంద్రత 1.11 కాబట్టి అది 111 గ్రాములు. కిటికీలు మూసి ఉండి అదంతా ఆవిరైతే ఘనపు మీటరుకు 1,110 మిల్లీగ్రాములు. క్లోరోబెంజీన్ విషయంలో ఒక పీపీఎం అంటే ఘనపు మీటరుకు 4.6 మిల్లీగ్రాములు. భాగిస్తే సుమారు 240 పీపీఎం వస్తుంది. హద్దుకు ఇరవై నాలుగు రెట్లు. ఒక టీ చెంచాతో, అంటే 5 మిల్లీలీటర్లతో ఇదే లెక్క చేయండి, 12 పీపీఎం వస్తుంది. ఒక్క చెంచాతో హద్దు దాటిపోయింది.

"వాసన వస్తే బయటికి పోతాం కదా" అంటారు. మొదట్లో ముక్కు త్వరగానే పసిగడుతుంది, నిజమే. కానీ కాసేపటికి అలవాటు పడి ఊరుకుంటుంది. ట్యానరీ పక్కన ఉండేవాళ్లకు వాసన తెలియనట్టే. తలనొప్పి, మత్తు, కళ్లు తిరగడం మొదలైనప్పుడు, ముక్కు చెప్పడం మానేసి ఎంతసేపయిందో మనకు తెలియదు.

లోపలికి పోయిన తర్వాత ఏం జరుగుతుంది? మన పాఠంలోని "గట్టి బంధం" ఇక్కడ అక్కరకు రాదు. క్లోరోబెంజీన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. కాబట్టి చర్మం గుండా, ఊపిరితిత్తుల గుండా సులువుగా దిగుతుంది. మూత్రంలో బయటికి పంపాలంటే నీటిలో కరిగేలా మార్చాలి. ఆ పని కాలేయానిది. క్లోరిన్‌ను పీకడం కాలేయానికీ చేతకాదు. అందుకని అది వలయానికే ఆక్సిజన్‌ను తగిలిస్తుంది. అప్పుడు ఎపాక్సైడ్ అనే అతి చురుకైన పదార్థం పుడుతుంది. దాన్ని పట్టి బంధించడానికి కాలేయంలో గ్లుటాథయోన్ అనే కాపలాదారు ఉంటుంది. కాపలా ఉన్నంతసేపు ఫరవాలేదు. మోతాదు పెరిగి గ్లుటాథయోన్ అయిపోతే ఎపాక్సైడ్ పోయి కాలేయ కణాల ప్రోటీన్లకే అతుక్కుంటుంది, కణాలు చచ్చిపోతాయి. చర్య జరపని పదార్థాన్ని చర్య జరిపేదిగా మార్చింది మన శరీరమే.

ఈ సంగతిని 1970ల మొదట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో బ్రోడీ, గిల్లెట్, మిచెల్ మొదలైన శాస్త్రవేత్తలు బ్రోమోబెంజీన్‌తో జంతువుల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. విచిత్రం ఏమిటంటే, 1973లో అదే బృందంలోని వాళ్లు పారాసెటమాల్ ఎక్కువ మోతాదులో కాలేయాన్ని ఎలా దెబ్బతీస్తుందో కనిపెట్టినప్పుడు, కథ ఇదే. అక్కడా చురుకైన పదార్థం ఒకటి పుడుతుంది, అక్కడా గ్లుటాథయోన్ అయిపోయాకే నష్టం మొదలవుతుంది. సీసాలోని విషానికీ డబ్బాలోని మందుకూ కాలేయంలో ఒకటే దారి. పెద్దవాళ్లు పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదని చెప్పేది అందుకే. పరీక్షల ముందు తలనొప్పి అని గంటకొకటి వేసుకునే తమ్ముళ్లు ఇది గమనించగలరు.

నైట్రో గుంపు చేరితే: రక్తం

రెండో మెట్టులోని పారా నైట్రోక్లోరోబెంజీన్ లేత పసుపు స్ఫటికాలుగా ఉంటుంది. 83 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఘన పదార్థం కదా, ఒలకదు, ఆవిరి కాదు అని దీని దగ్గర జనం ధైర్యంగా ఉంటారు. నా ఉద్దేశంలో ఈ వ్యాసంలోని రసాయనాలన్నింటిలో ట్రెయినీ కెమిస్టు ఎక్కువ భయపడవలసింది దీనికే.

మా సీనియర్ ఒకన్నకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చేరిన రెండో వారంలోనే ఆయన్ని బస్తాలోంచి పసుపు పొడి తూచి రియాక్టర్‌లో వేయమన్నారు. గాలి లాగే ఫ్యాను పాడై ఉంది. ముఖానికి చేతిరుమాలు, చేతులకు పల్చటి గ్లౌజులు. మే నెల, ఒంటినిండా చెమట. షిఫ్టు అయిపోయేదాకా బాగానే ఉన్నాడు. రాత్రి గదికి వచ్చాక తలపోటు, ఆయాసం. గదిలోవాళ్లు వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించారు. వాళ్లలో ఒకరు ఆయన గోళ్లు చూశారు. సిరా పూసినట్టు ఉన్నాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోతే, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉందట. ఆయన జేబు డైరీలో బస్తా మీది పేరు రాసి పెట్టుకున్నాడు. డాక్టరు గారు ఆ పేరు చూసి మిథిలీన్ బ్లూ ఇంజక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి కోలుకున్నాడు. ఆ ఉద్యోగం మానేసి ఇప్పుడు వేరే చోట బాగున్నాడు.

జరిగింది ఇది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఇనుము ఫెర్రస్ స్థితిలో ఉంటేనే ఆక్సిజన్‌ను మోసుకుపోయి వదలగలదు. నైట్రో సమ్మేళనాలు శరీరంలో మారే క్రమంలో పుట్టే పదార్థాలు ఆ ఇనుమును ఫెర్రిక్ స్థితికి ఆక్సీకరణం చేస్తాయి. అలా మారినదాన్ని మెథిమోగ్లోబిన్ అంటారు. అది ఆక్సిజన్‌ను మోయదు. గాలి ఉన్నా ఊపిరి ఆడదు. చర్మం గుండా, చెమట తడితో ఇంకా తేలికగా పోతుంది. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు, అందుకే షిఫ్టులో కాక గదిలో బయటపడింది.

ఇక్కడ రెండు విషయాలు పుస్తకాల్లో సరిగ్గా ఉండవు. మొదటిది, "చర్మం నీలంగా మారును" అని రాస్తారు. అది తెల్లవాళ్ల చర్మం చూసి రాసింది. మన రంగు వాళ్లలో ముఖం చూస్తే తెలియదు. పెదవి లోపలి భాగం, చిగుళ్లు, నాలుక, గోళ్ల కింది మాంసం చూడాలి. రెండోది, కరోనా తర్వాత అందరికీ అలవాటైన వేలికి పెట్టే ఆక్సీమీటరును ఇక్కడ నమ్మకూడదు. మెథిమోగ్లోబిన్ బాగా పెరిగినప్పుడు అది 85 దగ్గర ఆగిపోతుంది, మనిషి పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉన్నా సరే. ఇంకొక మాట, అన్నలు కోపగించుకోవద్దు. ఇలాంటి నైట్రో రసాయనాలకు మద్యం తోడైతే విషప్రభావం పెరుగుతుంది. ఆ షిఫ్టు చేసిన రోజు సాయంత్రం అస్సలు పనికిరాదు.

మిథిలీన్ బ్లూ అంటే జువాలజీ ల్యాబులో స్లైడుకు పూసే రంగే. ల్యాబులో ఉంది కదా అని తాగించేరు. అది డాక్టరు నరానికి ఇవ్వవలసిన మందు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అదే ప్రమాదం. అలాగే ఫ్యాక్టరీల్లో పాలు, బెల్లం ఇస్తుంటారు. ఒంటికి మంచివే గాని దేనికీ విరుగుడు కావు. క్లోరోబెంజీన్ మింగినవాళ్లకు పాలు పట్టడం, వాంతి చేయించడం రెండూ తప్పే. కొవ్వుతో అది ఇంకా బాగా లోపలికి పోతుంది, వాంతితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మన ల్యాబులో చేసే ఎసిటనిలైడ్‌కూ దీనికీ చుట్టరికం ఉంది. ఒకప్పుడు ఎసిటనిలైడ్‌ను జ్వరానికీ నొప్పికీ మందుగా వాడేవారు, వాడినవాళ్లకు ఇదే మెథిమోగ్లోబిన్ వచ్చేది. ఎందుకొస్తుందో చూడబోయి 1948లో బ్రోడీ, యాక్సెల్‌రాడ్ కనిపెట్టింది ఏమిటంటే, నొప్పి తగ్గించేది శరీరంలో దాన్నుంచి పుట్టే పారాసెటమాల్ అని, రక్తాన్ని పాడుచేసేది దాన్నుంచే విడిపోయే అనిలీన్ అని. అలా పారాసెటమాల్‌కు దారి పడింది.

రెండు నైట్రో గుంపులు చేరితే: చర్మం

పుస్తకంలో ఇంకో వరుస కూడా బట్టీ పడతాం. క్లోరోబెంజీన్‌లో క్లోరిన్‌ను తీయడానికి 623 కెల్విన్. పారా స్థానంలో ఒక నైట్రో గుంపు ఉంటే 443 కెల్విన్. 2, 4 స్థానాల్లో రెండుంటే 368 కెల్విన్. మూడుంటే గోరువెచ్చటి నీళ్లు చాలు. నైట్రో గుంపులు వలయంలోని ఎలక్ట్రాన్లను లాగేస్తాయి కాబట్టి క్లోరిన్ పట్టు సడలుతుంది.

ఇప్పుడు ఆ నీళ్ల స్థానంలో మన చర్మాన్ని పెట్టి చూడండి. చర్మంలో ప్రోటీన్లు ఉన్నాయి, వాటికి అమినో గుంపులు, సల్ఫర్ ఉన్న థయోల్ గుంపులు ఉన్నాయి. అవి నీటి కంటే చాలా బలమైన న్యూక్లియోఫైల్స్. రెండు నైట్రో గుంపులున్న డైనైట్రోక్లోరోబెంజీన్ చర్మం మీద పడితే, 37 డిగ్రీల శరీర వేడికే క్లోరిన్ ఊడిపోయి మిగతా భాగం ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని చూసి, ఇది మనది కాదు, పరాయి ప్రోటీన్ అని గుర్తు పెట్టుకుంటుంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. కొన్ని వారాల తర్వాత సీసా మూతకు అంటిన పిసరు తగిలినా చెయ్యి ఎర్రబడి, బొబ్బలెక్కి, రసి కారుతుంది. ఆ గుర్తు ఏళ్ల తరబడి పోదు. ఒకసారి సెన్సిటైజ్ అయిన కెమిస్టు ఆ పదార్థంతో మళ్లీ పనిచేయలేడు.

1935లో ల్యాండ్‌స్టైనర్, జేకబ్స్ గినీ పందుల మీద చూపింది ఇదే. ఏ నైట్రోక్లోరోబెంజీన్‌లలో క్లోరిన్ సులువుగా ఊడుతుందో అవే చర్మాన్ని సెన్సిటైజ్ చేశాయి. రక్త గ్రూపులు కనిపెట్టిన ల్యాండ్‌స్టైనరే ఆయన. ఇక ఇదే వలయంలో క్లోరిన్‌కు బదులు ఫ్లోరిన్ పెడితే శాంగర్ కారకం. దానితోనే శాంగర్ 1945లో ఇన్సులిన్ గొలుసుల చివరి అమినో ఆమ్లాలను గుర్తించారు, 1958లో నోబెల్ బహుమతి పొందారు. ఆ కారకానికి ఇన్సులిన్ ఏదో మన వేలు ఏదో తెలియదు. ప్రోటీన్ దొరికితే పట్టుకుంటుంది. బయోకెమిస్ట్రీ చదివే మిత్రులు గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైము కొలవడానికి వాడే సీడీఎన్‌బీ కూడా ఈ డైనైట్రోక్లోరోబెంజీనే. మైక్రోలీటర్లే కదా అని ఒట్టి చేత్తో ముట్టేవాళ్లను చూశాను.

గ్లౌజుల మీద నమ్మకం

నీలం రంగు పల్చటి నైట్రైల్ గ్లౌజు తొడుక్కోగానే సర్జన్ అయినట్టు అనిపిస్తుంది. క్లోరోబెంజీన్‌కు అది అడ్డం కాదు, కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది. లేటెక్స్ కూడా అంతే. దానికి నిలిచేవి వైటాన్ లేదా పొరలు పొరలుగా ఉండే లామినేట్ గ్లౌజులు, అవి ఖరీదు. లేనప్పుడు చేయగలిగింది, రెండు జతలు తొడుక్కుని, చుక్క పడిన వెంటనే పైది తీసేయడం. గ్లౌజు పైకి పొడిగా కనిపించినా లోపలికి దిగి ఉండవచ్చు. అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో కెరెన్ వెట్టర్‌హాన్ అనే ప్రొఫెసర్ గారి లేటెక్స్ గ్లౌజు మీద 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. అది వేరే జాతి రసాయనం, ఇంతకంటే చాలా భయంకరమైనది. కానీ పాఠం గ్లౌజుదే. ఆమె 1997 జూన్‌లో మరణించారు. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో ఆ గ్లౌజును దాటడానికి దానికి కొన్ని సెకన్లే పట్టిందని తేలింది.

ఫ్యూమ్ హుడ్ సంగతి కూడా అంతే. స్విచ్ వేస్తే చప్పుడు వస్తుంది కాబట్టి పనిచేస్తోంది అనుకుంటాం. ఒక టిష్యూ పేపరు ముక్క అంచు దగ్గర పట్టుకోండి. లోపలికి లాగితే అది హుడ్, లాగకపోతే అద్దాల బీరువా. నోటితో పిపెట్ చేయడం ఇంకా కొన్ని చోట్ల ఉంది, రబ్బరు బల్బు యాభై రూపాయలో వందో ఉంటుంది, సొంతంగా కొనుక్కున్నా తప్పులేదు.

ఎమ్మెస్సీలో బ్రోమోబెంజీన్‌తో గ్రిగ్నార్డ్ కారకం చేస్తారు. మొదట ఎంతసేపటికీ మొదలుకాదు. విసుగొచ్చి బ్రోమోబెంజీన్ అంతా ఒక్కసారి పోస్తారు. అప్పుడు అది అందుకుంటుంది. ఈథర్ మరిగేది 35 డిగ్రీలకు, వేసవిలో మన గదే అంతకంటే వేడి. ఐసు నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, చిన్న అయొడిన్ పలుకు వేసి, చర్య మొదలైందని కళ్లారా చూశాకే మిగతాది చుక్కచుక్కగా పోయాలి.

వ్యర్థాలను సింకులో పోయకండి. క్లోరోబెంజీన్ నీటి కంటే బరువు. సింకు కింది వంపు గొట్టంలో అడుగున కూర్చుని రోజంతా ఆవిరి వదులుతుంది. పోయింది పోగా మిగిలేది మూసీకే. మూసీ ఒడ్డున ఉండే మనకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయారు. హాలోజన్ ఉన్న వ్యర్థాలకు వేరే సీసా, వేరే చీటీ పెట్టాలి. అసిటోన్, ఆల్కహాల్ ఉన్న సీసాలో కలపకూడదు. కారణం, హాలోజన్ ఉన్నవాటిని 1100 డిగ్రీల ప్రత్యేక కొలిమిలో కాల్చాలి, మామూలు మంటలో కాలిస్తే డయాక్సిన్‌లనే ఇంకా పెద్ద విషాలు పుడతాయి. ల్యాబు వెనక చెత్తతో కలిపి తగలబెట్టడం అందుకే ఘోరం. హైదరాబాదు వ్యర్థాల కోసం దుండిగల్‌లో కేంద్రం ఉంది.

ఇంట్లో, గదిలో

మా అమ్మకు నా తెల్ల కోటు అంటే ఎంతో ముచ్చట. తానే ఉతుకుతానంటుంది. నేను ఇవ్వను. పసుపు పొడి అంటిన కోటు ఇంట్లోవాళ్ల బట్టలతో బకెట్‌లో నానితే, నష్టం ఆ బట్టలు ఉతికే చేతులకు. పసిపిల్లలున్న ఇంట్లో మరీను. కోటును ల్యాబులోనే విడిచి, విడిగా ఉతికించుకోవాలి. చెప్పులు కూడా.

బస్తీల్లో నీళ్లు రోజూ రావు. ప్రతి ఇంటి ముందు నీలం రంగు డ్రమ్ము ఉంటుంది. కొత్తదైతే సరే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత డ్రమ్ము చౌకగా దొరికిందని తెచ్చుకుంటే, సర్ఫు పెట్టి ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. క్లోరోబెంజీన్ లాంటి ద్రావణులు ఆ ప్లాస్టిక్ లోపలికే ఇంకుతాయి, తర్వాత నెమ్మదిగా నీటిలోకి వస్తాయి. ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడవద్దని ఇంట్లో చెప్పండి. అలాగే ఇళ్ల కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ పెట్టనివ్వకండి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది అంతస్తులో ఉంచిన డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లోని తొమ్మిది మంది చనిపోయారు.

చివరికి కలరా ఉండలు. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి నాఫ్తలీన్, ఇంకొకటి పారా డైక్లోరోబెంజీన్. రెండోది మన కుటుంబంలోదే, సినిమా హాళ్ల మూత్రశాలల్లో వేసే గుండ్రటి బిళ్లల్లో ఎక్కువగా ఉండేది అదే. తేడా కనుక్కోవాలంటే గ్లాసు నీళ్లలో కరిగినంత ఉప్పు వేసి ఉండను వదలండి. నాఫ్తలీన్ తేలుతుంది, డైక్లోరోబెంజీన్ మునుగుతుంది. రెండింటినీ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. పది మంది పడుకునే గదిలో తలగడ కింద, దుప్పట్లలో వేయవద్దు. దుప్పట్లను ఎండలో వేస్తే చాలు.

సీసా మీది సమాచారం

ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీటు ఉంటుంది. ఇంగ్లీషులో ఉందని తెలుగు మీడియం వాళ్లం వదిలేస్తాం. అందులో 16 భాగాలుంటాయి, వరుస ఎక్కడైనా ఒకటే. రెండో భాగం ప్రమాదాలు, నాలుగో భాగం ప్రథమ చికిత్స, ఎనిమిదో భాగం గ్లౌజులు, మాస్కులు. ఈ మూడు డిక్షనరీ పెట్టుకుని ఒకసారి చదివితే గంట పడుతుంది. రెండో రసాయనానికి అరగంట, ఆ తర్వాత పది నిమిషాలు, ఎందుకంటే మాటలు అవే తిరిగి వస్తాయి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే, ప్రమాదకరమైన పనుల సమాచారం కార్మికులకు చెప్పాలని రాశారు. షీటు అడగడం ధిక్కారం కాదు.

పని మొదలుపెట్టే ముందు పేరుతో పాటు సీఏఎస్ నంబరు కూడా రాసుకోండి. పేర్లు పలకడంలో తప్పుపోతాయి, నంబరు తప్పుపోదు. క్లోరోబెంజీన్ 108-90-7, బ్రోమోబెంజీన్ 108-86-1, పారా నైట్రోక్లోరోబెంజీన్ 100-00-5, డైనైట్రోక్లోరోబెంజీన్ 97-00-7, పారా డైక్లోరోబెంజీన్ 106-46-7. చర్మం మీద పడితే బట్టలు విప్పి పావుగంట నీటితో కడిగి, 108కి ఫోన్ చేసి, ఆ చీటీ డాక్టరు చేతికివ్వాలి. మా గది తలుపు వెనక ఈ నంబర్ల కాగితం అంటించి ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు తాము ముట్టే రసాయనం పేరు దాని కింద రాసి పోతున్నారు. ఇప్పటికి పదకొండయ్యాయి.